కొరత డ్రైవర్లకు కాదు, మంచి మొదటి ఓనరుకు

లాజిస్టిక్స్ మీద ఎస్సే రాయమంటే మనలో చాలామంది ఒకేలా రాస్తాం. 2021లో పీఎం గతిశక్తి, 2022 సెప్టెంబరు 17న నేషనల్ లాజిస్టిక్స్ పాలసీ, జీఎస్టీతో చెక్‌పోస్టులు పోవడం, ఫాస్టాగ్. చివర్లో "డ్రైవర్ల కొరత ఒక ప్రధాన సవాలు" అని ఒక వాక్యం పడేసి ముగిస్తాం. నేనూ చాలాసార్లు అలాగే రాశాను. ఇకపై ఆ చివరి వాక్యాన్ని రాయలేను. ఎందుకో చెబుతాను.

గత నెల మా పిన్ని కొడుకు మా ఇంటికొచ్చాడు. మాది ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మావి. తాత వర్క్‌షాప్‌లో ఫిట్టరు, నాన్న గూడ్స్ గార్డు. తమ్ముడికి రైల్వే అప్రెంటిస్ రాలేదు. లైట్ లైసెన్సు తీసుకుని ఏడాది ఆగి, హెవీ లైసెన్సు సంపాదించాడు. ఇప్పుడు వాడి చేతిలో మూడు అవకాశాలు. "అన్నయ్యా, నువ్వు ఇంజనీరింగ్ చదివావు, సివిల్స్‌కి చదువుతున్నావు. ఎక్కడ చేరమంటావో చెప్పు" అన్నాడు. నా నోట్స్ అంతా తిరగేశాను. వాడికి పనికొచ్చే వాక్యం ఒక్కటి కూడా లేదు.

మొదటిది, చౌరంగి దగ్గర లారీ ఆపుకునే తెలిసినాయన దగ్గర. ఒకే లారీ, ట్రిప్పుకింత అని లెక్క, చేరగానే అడ్వాన్సు. రెండోది, భీమవరం వైపు నుంచి ఐసులో చేపలు వేసుకుని హౌరా మార్కెట్‌కు వెళ్లే లారీ. డబ్బు అన్నిటికంటే ఎక్కువ. కానీ వెయ్యి కిలోమీటర్లకు పైనే దారి, ఐసు కరిగేలోపు చేరాలి. మూడోది, ఇక్కడి ఫ్యాక్టరీలకు సరుకు తోలే కాస్త పెద్ద ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. నెల జీతం, పీఎఫ్ ఉంది. కానీ మొదటి ఆరు నెలలు సీనియర్ డ్రైవరు పక్కన కూర్చోవాలి, జీతం అన్నిటికంటే తక్కువ.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. కొత్త డ్రైవరు మొదటి ఓనరును డబ్బు చూసి ఎంచుకోకూడదు. ఎవరు నేర్పుతారో, ఎవరు నిద్రపోనిస్తారో చూసి ఎంచుకోవాలి. ఆ రెండూ ఇచ్చే ఓనర్లు తక్కువగా ఉండటమే మనం "డ్రైవర్ల కొరత" అని రాస్తున్న సమస్యకు అసలు మూలం.

రైలుకు ఉన్నది, లారీకి లేనిది

మా ఊళ్లో పిల్లలకు కూడా రన్నింగ్ రూమ్ అంటే తెలుసు. నాన్న డ్యూటీ ఎక్కితే సైన్ ఆన్, దిగితే సైన్ ఆఫ్. మధ్యలో విశ్రాంతికి గంటల లెక్క ఉంటుంది. కొత్త సెక్షన్‌లో బండి నడపాలంటే లోకో పైలట్ ముందు ఆ దారి నేర్చుకోవాలి. సిగ్నళ్లు, మలుపులు, ఎత్తుపల్లాలు చూశాకే బండి అప్పగిస్తారు. దానికి ముందు అసిస్టెంటుగా పక్క సీట్లో కూర్చున్న కాలం ఉండనే ఉంటుంది.

లారీలోనూ ఒకప్పుడు ఈ పద్ధతి ఉండేది. దాని పేరు క్లీనరు, మా వైపు ఖలాసీ. గాలి కొట్టడం, పట్టా కట్టడం, లోడు సర్దడం, ఘాట్‌లో ఏ గేరులో దిగాలో చూడటం, ఇవన్నీ వాడు గురువు తిట్లు తింటూ నేర్చుకునేవాడు. అది ఆదర్శమైన పద్ధతి అనను. జీతం లేని చాకిరీ, చిన్న పిల్లల్ని పెట్టుకోవడం అందులో ఉండేవి. కానీ కిరాయిలు గిట్టుబాటు కాక చాలామంది ఓనర్లు క్లీనర్ని తీసేశారు. నేర్పే సీటు ఖాళీ అయింది, దాని బదులు ఇంకేదీ రాలేదు. లైసెన్సు టెస్టులో ఖాళీ బండి నడిపిన కుర్రాడు మొదటి ట్రిప్పులోనే నిండు లోడుతో, రాత్రిపూట, ఒంటరిగా జాతీయ రహదారి 16 ఎక్కుతున్నాడు.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది?

ఇక్కడ మనం చదివే పాలిటీ పనికొస్తుంది. 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. దూర ప్రయాణాలకు అనుమతితో 10 గంటల వరకు సడలింపు ఇచ్చింది. 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి అంది. కానీ అది ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే వర్తించేది. మన దేశంలో లారీ ఓనర్లలో ఎక్కువమంది ఒకటి నుంచి ఐదు బళ్లున్న చిన్నవాళ్లే. అంటే చాలామంది డ్రైవర్ల దాకా చట్టం చేరనేలేదు.

2020 నాటి ఆక్యుపేషనల్ సేఫ్టీ, హెల్త్ అండ్ వర్కింగ్ కండిషన్స్ కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్న మంచి నిబంధన ఉంది. కానీ మోటారు రవాణా సంస్థకు కనీస సంఖ్య పదిమంది అయింది. మెయిన్స్‌లో మనం కోడ్‌లను "సరళీకరణ" అని రాస్తాం. ఏడుగురు డ్రైవర్లున్న ఆఫీసులో చేరే కుర్రాడికి ఆ సరళీకరణ ఎలా కనిపిస్తుందో కూడా ఒక వాక్యం రాయాలి.

ఓవర్‌లోడు సంగతీ చూడండి. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000. డ్రైవరు ఓనరు కాకపోతే, ఆ నేరం ఓనరుకు తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్ చెబుతుంది. పుస్తకంలో న్యాయమే. కానీ అర్ధరాత్రి రోడ్డు మీద ఆపినప్పుడు స్టీరింగ్ దగ్గర ఉండేది ఓనరు కాదు.

మా లైన్‌లో ఒక కుర్రాడి అనుభవం చెబుతాను. చేరగానే అడ్వాన్సు ఇచ్చి ఒరిజినల్ లైసెన్సు ఓనరు దగ్గర పెట్టుకున్నాడు. రెండో నెలలో టైరు పేలితే ఆ ఖర్చు కుర్రాడి లెక్కలో రాశాడు. నాలుగు నెలలు తిరిగినా అడ్వాన్సు తీరలేదు. మానేద్దామంటే లైసెన్సు చేతిలో లేదు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 23వ అధికరణం, 1982 ఏషియాడ్ కార్మికుల తీర్పు మనకు కంఠతా వచ్చు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడమూ బలవంతపు చాకిరీయే అని ఆ తీర్పు చెప్పింది. ఆ కుర్రాడికి ఈ మూడింటిలో ఒక్కటీ తెలియదు. ఇప్పుడు గోల్‌బజార్‌లో టోటో నడుపుతున్నాడు. గణాంకాల్లో మాత్రం "డ్రైవర్ల కొరత"లో ఒకడు.

ఓనరు విలన్ కాదు

ఇక్కడ ఎదురు వాదన బలమైనదే. ఒక్క లారీ ఓనరు కూడా ఈఎంఐ, డీజిల్, టోలు, ఇన్సూరెన్సు కట్టలేక నలుగుతున్నాడు. బ్రోకరు చెప్పిన కిరాయికి ఒప్పుకోకపోతే వెనకాల ఇంకో లారీ ఉంటుంది. అలాంటివాడు ఆరు నెలలు పక్క సీట్లో ఇంకొకరికి జీతమిచ్చి నేర్పమంటే ఎక్కడినుంచి తెస్తాడు? పైగా నేర్చుకున్నాక కుర్రాడు ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికి వెళ్లిపోతాడు. నిజమే. అందుకే ఇది ఓనరు మంచితనానికి వదిలేసే విషయం కాదు. నేర్పిన లాభం అందరికీ పోతుంటే, నేర్పే ఖర్చు ఒక్కడే భరించడు. ఎకనామిక్స్‌లో పాజిటివ్ ఎక్స్‌టర్నాలిటీ అని చదివింది ఇదే.

కాబట్టి రైల్వే, ఫ్యాక్టరీ అప్రెంటిస్‌లకు స్టయిపెండ్‌లో ప్రభుత్వం వాటా ఇచ్చినట్టే, చిన్న ఓనర్ల దగ్గర మొదటి ఆరు నెలలు పక్క సీట్లో కూర్చునే కొత్త డ్రైవరుకూ ఇవ్వాలి. పని గంటల నిబంధన సిబ్బంది సంఖ్యను బట్టి కాక, బండిని బట్టి వర్తించాలి. నిద్రలేని డ్రైవరు ఏడుగురున్న సంస్థవాడైనా, డెబ్బైమందున్న సంస్థవాడైనా ప్రమాదం ఒకటే. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం. ఏసీ చల్లదనం నిద్రకు బదులు కాదు కదా.

తమ్ముడికి నేను రాసిచ్చిన ప్రశ్నలు

ఆ రాత్రి ఒక కాగితం మీద ఐదు ప్రశ్నలు రాసి ఇచ్చాను. నియామక పత్రం ఇస్తారా? జీతం, బత్తా విడివిడిగా రాస్తారా? ఒరిజినల్ లైసెన్సు ఎవరి దగ్గర ఉంటుంది? టైరు, జరిమానా ఎవరి ఖాతా? లోడు ఎక్కువైతే, నిద్ర వస్తే బండి ఆపితే ఏమంటారు? వీటితో పాటు, ఆ ఆఫీసులో పాత డ్రైవర్లు ఎన్నేళ్లుగా ఉన్నారో డాబా దగ్గర కనుక్కోమన్నాను. అన్నిటికంటే నమ్మదగ్గ జవాబు అదే.

మొదటాయన కాగితం చూసి "నువ్వు డ్రైవరువా, లాయరువా?" అని నవ్వాడట. చేపల లారీ ఓనరు "ఆపితే ఐసు ఆగుతుందా?" అన్నాడట. అతని మాటలో అబద్ధం లేదు. మూడో చోట రెండు ప్రశ్నలకు సరైన జవాబు, మిగతావాటికి "చూద్దాం". తమ్ముడు అక్కడే చేరాడు. జీతం తక్కువని పిన్నికి కోపం. చీటీ డబ్బు కట్టాల్సింది ఆవిడే మరి. నా మీద కూడా కోపమే. ఆ కోపానికి నా దగ్గర జవాబు లేదు. ఏడాది తర్వాత వాడు ఆరోగ్యంగా, లైసెన్సు జేబులో పెట్టుకుని ఉంటే అదే జవాబు.

మనలో ఎవరో ఒకరు రేపు ట్రాన్స్‌పోర్ట్ శాఖలోనో, లేబర్ శాఖలోనో, జిల్లా కలెక్టరుగానో కూర్చుంటారు. అప్పుడు ఫైల్లో "డ్రైవర్ల కొరత" అన్న మాట కనిపిస్తే సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: వచ్చినవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు?

ఈ వారం ప్రాక్టీసు ప్రశ్న: "కార్మిక చట్టాల్లో సిబ్బంది సంఖ్య ఆధారిత పరిమితులు అసంఘటిత రంగాన్ని రక్షణకు దూరం చేస్తున్నాయి. రోడ్డు సరుకు రవాణాను ఉదాహరణగా తీసుకుని చర్చించండి." 250 పదాలు. రాసేముందు మీ ఊరి పార్కింగ్‌లో ఒక లారీ డ్రైవరుతో పది నిమిషాలు మాట్లాడి రండి.