రబ్బరు మీద ఎందుకింత పగ?

పాత కారు ఉన్నవారి చెవిన ఈ మధ్య ఒక ఉపదేశం తరచుగా పడుతోంది: సబ్‌ఫ్రేము బుష్షుల్లో రబ్బరు తీసేసి పాలీయురేథేన్ వేయిస్తే బండి పులిలా పరిగెడుతుందట. నేనీ మాటతో ఏకీభవించను. నల్లగొండ, పానగల్ దారుల్లో కారు నడిపే గృహస్థుకు దీనివల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువని నా వాదన.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. ఇంజను భారాన్నీ, స్టీరింగు ర్యాకునూ, చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్ములనూ మోసే ఉక్కు చట్రమే సబ్‌ఫ్రేము. అది బాడీకి కలిసే చోట కొన్ని కార్లలో రబ్బరు బుష్షులుంటాయి. వాటికి రెండు బాధ్యతలు: చట్రాన్ని కదలకుండా నిలపడం, రోడ్డు అదురును బాడీలోకి పోనీయకుండా మింగడం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు. బుష్షు గట్టిపడితే మొదటిది బాగుపడుతుంది, రెండవది చెడుతుంది. షోర్-ఏ కొలతలో బుష్షు రబ్బరు సాధారణంగా 50 నుంచి 70 దాకా ఉంటుంది. దాని స్థానంలో అమ్మే పాలీయురేథేన్ 80 నుంచి 95 దాకా పోతుంది.

గట్టి బుష్షుతో స్టీరింగుకు బండి త్వరగా స్పందిస్తుంది, మలుపుల్లో చట్రం ఊగదు. కాదనను. రేసు ట్రాకులో ఆ క్షణాంశం విలువైనదే. ఉదయసముద్రం చుట్టుపక్కల ఊళ్ళలో, రోడ్డు మీద ఆరబోసిన వడ్లను తప్పించుకుంటూ, ట్రాక్టరు వెనుక నిదానంగా పోయేవారికి దానితో పనేమిటి? మూల్యం మాత్రం ప్రతి గుంతా వసూలు చేస్తుంది. సరదా నడిపేవాడిది, నడుము నొప్పి వెనుక సీట్లో కూర్చున్న తల్లిది. ఇదెక్కడి న్యాయం?

“మార్పించాక ఎంత తేడానో” అనేవారిని ఒకటే అడుగుతాను: దేనితో పోల్చారు? ఏళ్ళ తరబడి నలిగి చీలిన రబ్బరుతోనే కదా! దాన్ని తీసి ఏ కొత్త బుష్షు వేసినా గుంతల్లో టకటక తగ్గుతుంది, బండి తిన్నగా పోతుంది. కొత్తదనానికి దక్కవలసిన కీర్తిని కాఠిన్యానికి కట్టబెడుతున్నారు. పోల్చదలిస్తే కొత్త రబ్బరుతో పోల్చండి.

మరొక సంగతి. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు సబ్‌ఫ్రేమును రబ్బరు లేకుండా నేరుగా బాడీకే బిగిస్తారు. లేని బుష్షును మార్చడం ఎవరి తరం? అక్కడ అరిగేది కంట్రోల్ ఆర్ము బుష్షు. చక్రాలు గాలిలో వేలాడుతుండగా దాని బోల్టును పూర్తిగా బిగిస్తే, బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకనే ఆఖరి బిగింపు చేయాలి. ఈ జాగ్రత్తకు ఖర్చు లేదు. అందుకేనేమో దీనికి ప్రచారమూ లేదు.

పానగల్ సోమేశ్వరాలయాల రాతిపనిని చూసినవారికి కాఠిన్యమే బలమనిపించడం సహజం. అయితే ఈ తెలంగాణ నేల మీదనే, 1213 నాటి రామప్ప గుడి పునాదిలో కాకతీయుల స్థపతులు ఇసుక నింపారు. పైన రాయి నిలవాలంటే కింద అదురును ఓర్చుకొనేది ఒకటి ఉండాలని వారెరుగుదురు. బుష్షులో రబ్బరు చేసే పనీ అటువంటిదే.

కనుక బుష్షు చీలితే ఉపేక్షించకండి. అది ప్రాణాలతో చెలగాటం. కారు తయారీదారు నిర్దేశించిన రబ్బరే వేయించండి. మిగిలిన సొమ్ముతో మంచి టైర్లు కొనండి. మెత్తదనం లోపం కాదు. తెలిసి పెట్టిన గుణం.