గాజుతొట్టిలోని మొండి పాచి

మా హైస్కూలు సైన్సు గదిలో పడమటి కిటికీ చెంత నొక గాజుతొట్టి కలదు. దాని పొడవు 3 అడుగులు; పట్టు నీరు సుమారు 150 లీటర్లు. అందు హైడ్రిల్లా, వాలిస్నేరియా మొక్కలును, గప్పీ చేఁపలును, నత్తలును గలవు. అడిక్‌మెట్‌లోని మా పాఠశాలకు పిల్లలను దింప వచ్చు తలిదండ్రులు దానిని చూడక మరలిపోవుట యరుదు. గడచిన సంవత్సరమున ఆ తొట్టి పాచితో నిండి, లోపలి చేఁపలు కానరాని స్థితికి వచ్చెను. తలిదండ్రుల సభలో కొందఱు పెద్దలు "ఆ తొట్టిని తీసివేయుఁడు" అనిరి. మఱికొందఱు "ఘాటైన మందు పోయుఁడు" అనిరి. ఈ రెండభిప్రాయములును సరికావని నా తలంపు. ఏల సరికావో విన్నవించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా నా తప్పు నొప్పుకొనవలెను. మందు పోయుట నేనెఱుఁగని పని కాదు. ఆ సభకు రెండు నెలలు ముందుగనే, ఆకులపై వెండ్రుకలవలె పచ్చపాచియు, ఱాళ్లపై గడ్డమువలె నల్లపాచియు ప్రబలుట చూచి, ఒక దుకాణమున నీలిరంగు మందు సీసా కొని తెచ్చితిని. సీసాపై వ్రాసిన మోతాదునకు మించి పోసితిని. రెండవనాఁటికి పాచి తెల్లవాఱి రాలసాగెను. నేను సంతసించితిని. మూఁడవనాఁటి యుదయమున తలుపు తీయఁగా, చేఁపలు నీటిమీఁదికి వచ్చి నోళ్లు తెఱచుచుండెను. మధ్యాహ్నమునకు 11 చేఁపలు చచ్చెను. నత్తలలో నొక్కటియు మిగులలేదు. ఆఱవ తరగతి బాలుఁడొకఁడు చచ్చిన చేఁపను అరచేత నుంచుకొని, "సార్, పాచికి పోసిన మందునకు చేఁపలెందుకు చచ్చినవి?" అని యడిగెను. ఇరువది సంవత్సరములుగ పాఠములు చెప్పుచున్న నేను ఆనాఁడు వానికి బదులు చెప్పలేకపోతిని.

ఆ బదులు నిప్పుడు చెప్పెదను. ఆ మందులో మైలుతుత్తము కలదు. అందలి రాగి నత్తలకు విషము. ఇఁక చేఁపలమాట. పాచి యంతయు నొక్కసారి చచ్చి కుళ్లఁగా, దానిని కుళ్లించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించెను. చేఁపలకు ఊపిరాడలేదు. మందు పాచిని చంపెనేగాని పాచికి కారణమైనదానిని తాఁకనైనలేదు. నెల తిరుగకమున్నే పాచి మునుపటికంటె దట్టముగ లేచెను. చావని పాచి మొండిదని మనమందుము. అది తిను తిండిని మనమే పెట్టుచుండఁగా దాని మొండితనమన నేమి?

పాచికి కావలసినవి వెలుతురు, నత్రజని, భాస్వరము, బొగ్గుపులుసు వాయువు. మా తొట్టికి వీనిలో దేనికిని కొఱఁత లేకుండెను. పడమటి యెండ మధ్యాహ్నము 2 గంటలనుండి నేరుగ గాజుపైఁ బడుచుండెను. దీపము ఉదయము వెలిఁగించినది రాత్రివఱకు ఆర్పువారు లేరు. ప్రతి విరామమునందును పిల్లలు చేఁపలపై దయతో మేఁత చల్లుచుండిరి. చేఁపలు తినఁగా మిగిలిన మేఁతయు, వాని మలమును కుళ్లి నత్రజని లవణములుగను, భాస్వరపు లవణములుగను మాఱెను. మన ప్రేమయే పాచికి ఎరువైనది.

ఇది నా యూహ కాదు. 1973 లో డేవిడ్ షిండ్లర్ అను శాస్త్రజ్ఞుఁడు కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రములోని 226 వ సంఖ్యగల సరస్సును తెరతో రెండుగ విభజించి, యొక భాగమునకు కర్బనమును నత్రజనియును, రెండవదానికి వానితోపాటు భాస్వరమును చేర్చెను. భాస్వరము చేరిన భాగము పాచితో పచ్చనాయెను. రెండవ భాగమట్లు కాలేదు. అంత దూరము పోనేల? 1562 లో కట్టిన మన హుసేన్ సాగరము పట్టణపు మురుగునీరు చేరి చేరి పచ్చఁబాఱుట మనమెల్లరము చూచుచునే యున్నాము. మాకు పొరుగుననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు ఎ. ఆర్. జఫర్ గారు హైదరాబాదు చేఁపల చెఱువులలోని పాచినిగుఱించి 1964 లోను, వి. వెంకటేశ్వర్లు గారు మూసీనది పాచినిగుఱించి 1969 లోను పరిశోధన వ్యాసములు ప్రకటించిరి. నీటి గుణమునుబట్టియే పాచి యుండును. కాఁబట్టి దిద్దవలసినది నీటిని, అంతకుముందు నీటిని పెంచువానిని.

మఱి మేమేమి చేసితిమి? కిటికీకి తెర కట్టితిమి. దీపము దినమునకు 7 గంటలు మాత్రమే వెలుఁగునట్లు గడియారపు మీట నమర్చితిమి. మేఁత దినమున కొక్కసారి, రెండు నిమిషములలో చేఁపలు తిని ముగించునంత మాత్రమే. వేయువాఁ డొక్కఁడే, వంతుప్రకారము. వెండ్రుకపాచిని ప్రాఁత పండ్లబ్రష్షునకు చుట్టి లాగితిమి. నల్లపాచి పట్టిన ఆకులను కోసివేసితిమి. వారమునకొకసారి మూఁడవవంతు నీరు తీసి, బకెట్లలో ఒకదినము నిలువయుంచి క్లోరిను పోఁగొట్టిన క్రొత్త నీరు పోసితిమి. జల్లెడ స్పంజిని కుళాయినీటఁ గాక, తొట్టినుండి తీసిన నీటనే పిండితిమి. లేనిచో మాలిన్యమును శుద్ధిచేయు మేలి సూక్ష్మజీవులు నశించును. త్వరగా పెరుగు హైడ్రిల్లాను దట్టముగ నాటితిమి. అది పాచి తినఁబోవు తిండిని తానే ముందుగ తినును. క్రొత్త నత్తలను తెచ్చి విడిచితిమి.

ఈ తుదిపని మా కల్పన కాదు. 1850 ప్రాంతమున లండను రసాయనశాస్త్రజ్ఞుఁడు రాబర్ట్ వారింగ్‌టన్ బంగారుచేఁపలను వాలిస్నేరియాతో గాజుపాత్రలో పెంచినప్పుడు, కుళ్లిన ఆకులవలన నీటఁ బుట్టిన పచ్చని జిగురు ఆయననుగూడ బాధించినది. ఆయన విషము పోయలేదు, నత్తలను విడిచెను. అవి కుళ్లును తిని, మొక్కలకు వెలుతురు తగులనిచ్చెను.

మొదటి మూఁడు వారములు ఏ మాఱ్పును కనఁబడలేదు. కొందఱు పిల్లలు "మందే మేలు సార్" అనిరి. ఆఱవ వారమున క్రొత్తగ వచ్చిన ఆకులు పాచిలేక నిగనిగలాడెను. నల్లపాచిమాత్రము ఒక ఱాతిపై నేఁటికిని కలదు. దానిని మేము తీయలేదు. ఎఱ్ఱపాచి జాతికి చెందిన ఆ నల్లని కుచ్చునుండి కొంచెము త్రుంచి స్పిరిటులో వేసినచో ఎఱ్ఱనగును. పై తరగతులవారికి దానిని పాఠముగ చూపుచున్నాము. కొంచెము పాచి యుండుట దోషము కాదు. భూమిపై మొక్కలును పాచియు కలిసి విడుచు ప్రాణవాయువులో సుమారు సగము సముద్రపు సూక్ష్మమైన పాచి మొదలగువానివలననే కలుగుచున్నది. పాచిని నిర్మూలించుట మన పని కాదు. దానిని దాని చోట నుంచుటయే మన పని.

ట్రెయినింగు కాలేజీలో నేను చదువుకొన్న కాలమున, బాలుఁడు మొండికెత్తినప్పుడు బెత్తమునకుముందు వాని దినచర్యను విచారింపుమని మాకు నేర్పిరి. పిల్లల విషయమున ఆ మాటను నేను చాలవఱకు పాటించితిని. తొట్టి విషయమున మఱచితిని. ఆ మఱపునకు 11 చేఁపలు మూల్యము చెల్లించెను.

కాఁబట్టి పెద్దలకు నా మనవి యిది. తొట్టిని తీసివేయవలదు. ప్లాస్టిక్కు మొక్కలు పెట్టిన తొట్టి యెప్పుడును శుభ్రముగనే యుండవచ్చును, కాని అది పిల్లలకు ఏ ప్రశ్నయు పుట్టింపదు. విద్యార్థులారా, మీకు నా మనవి మఱొకటి. మేఁత వేయువారి వంతుల పట్టిక సైన్సు గది తలుపున నున్నది. మీ వంతు కానినాఁడు చేఁపలు గాజు చెంతకు వచ్చి యెంత వేఁడుకొన్నను, చేతులు వెనుకకు కట్టుకొని చూచుచుండుఁడు.