బొమ్మకు నత్తి వచ్చిందేం?

"ఒరేయ్ తమ్ముడూ, తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి మీ బావగారి చెయ్యి గాల్లో ఆగిపోతోందిరా! సన్నాయి మాత్రం నిక్షేపంలా వినిపిస్తోంది."

కిందటి నెలలో ఒకనాడు తెల్లవారుతూనే మా అక్కయ్య ఫోను చేసి చెప్పిన మాట ఇది. ఆవిడ పెళ్లి 1991లో అయింది. ఆ రోజుల్లో పెళ్లంటే భుజాన పెద్ద కెమేరా పెట్టుకున్న మనిషి, వెనకాల లైటు పట్టుకునే కుర్రాడు, వాడి వెనకాల వైరు చుట్టలు మోసే మరో కుర్రాడూ ఉండవలసిందే గదా. అలా తీసిన కాసెట్లు రెండు. ముప్పై యేళ్లకు పైగా బీరువాలో పట్టుచీరల మధ్య కలరా ఉండల వాసన పీలుస్తూ పడి ఉన్నాయి. నేను వాటిని తెచ్చి, పాత వీసీఆరు ఒకటి సంపాదించి, కంప్యూటరులోకి ఎక్కించి, ఫైళ్లుగా చేసి, పెన్ డ్రైవులో పెట్టి అక్కయ్యకు పంపాను. గొప్ప ఘనకార్యం చేశాననుకుని నలుగురికీ చెప్పుకున్నాను కూడాను.

తెలిసీ తెలియనివాడి దగ్గర సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "నీ కంప్యూటరు ముసలిదైపోయిందే అక్కయ్యా. అవతల పారేసి కొత్తది కొనుక్కో" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తరవాత, "అది మీ బావగారు కొన్నదిరా" అంది.

బావగారు పోయి మూడేళ్లయింది. నా నోటిదురుసుకు నన్ను నేనే తిట్టుకుని, నా కంప్యూటరూ, కాసెట్ల తాలూకు అసలు ఫైలున్న పెద్ద డిస్కూ సంచీలో పెట్టుకుని ఆ రాత్రి బండికే కాకినాడ బయలుదేరాను.

వెళ్లి చూద్దును గదా, అక్కయ్య చెప్పింది అక్షరాలా నిజం. స్నాతకం దగ్గర బొమ్మ బాగానే నడుస్తోంది. జీలకర్ర బెల్లం దగ్గర కాస్త తడబడింది. తలంబ్రాలు వచ్చేసరికి, దోసిలి ఎత్తిన బావగారు ఎత్తినట్టే ఉండిపోయి, మూడు సెకండ్ల తరవాత ఒక్కసారిగా ఖాళీ చేతులతో ప్రత్యక్షమయ్యారు. బియ్యం పోసిన ఘట్టమే లేదు! అక్కయ్యకు కావలసింది ఆ మూడు సెకండ్లే.

ముందు పెన్ డ్రైవు మీద అనుమానపడ్డాను. అందరం ముందు దాన్నే అనుమానిస్తాం. లెక్క వేసి చూస్తే అది నిర్దోషి. మూడు గంటల ఫైలు 9 గిగాబైట్లు ఉంది. అంటే సెకనుకు ఒక మెగాబైటు కూడా లేదు. ఎంత నాసిరకం పెన్ డ్రైవైనా అంతకు ఎన్నో రెట్లు అందించగలదు. అయినా మనసు ఊరుకోక ఫైలును కంప్యూటరు డిస్కు మీదికి దింపి చూశాను. బావగారి చెయ్యి అక్కడే ఆగింది.

సన్నాయి ఆగకుండా బొమ్మ మాత్రమే ఎందుకు ఆగుతుంది? ఇందులోనే సగం జబ్బు తెలుస్తుంది. శబ్దాన్ని విప్పడం కంప్యూటరుకు చిటికెలో పని. బొమ్మను విప్పడం అలా కాదు. మన దేశపు కాసెట్టులో సెకనుకు 25 బొమ్మలు. అంటే ఒక్కొక్క బొమ్మనూ విప్పి తెర మీద పెట్టడానికి దానికున్న గడువు 40 మిల్లీసెకండ్లు. ఆ గడువులో పని తెమలకపోతే, ఫైలును ఆడించే ప్లేయరు సన్నాయిని ఆపదు. ఆలస్యమైన బొమ్మల్ని పారేసి సన్నాయితో కలవడానికి పరుగెడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది గదా, అది తెరిచి పక్కన పెట్టుకుని చూశాను. స్నాతకం దగ్గర కంప్యూటరు శక్తిలో 70 శాతం ఖర్చవుతోంది. తలంబ్రాల దగ్గర నూటికి నూరూ అయిపోయి గీత పైకప్పుకు అతుక్కుపోయింది. వీఎల్‌సీ అనే ప్లేయరులో ఎన్ని బొమ్మలు పారేసిందో లెక్క కూడా చూపిస్తుంది. టూల్స్‌లో కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరిచి స్టాటిస్టిక్స్ చూడాలి. తలంబ్రాలప్పుడు ఆ అంకె ఆటోమీటరులా తిరిగింది.

మరి తలంబ్రాల మీదే ఎందుకీ కక్ష? వీడియోను కుదించేవాడి కిటుకు ఏమిటంటే, ఒక బొమ్మకూ తరవాతి బొమ్మకూ మారినదాన్ని మాత్రమే రాసుకోవడం. పంతులుగారు కదలకుండా కూర్చుని మంత్రం చదువుతుంటే రాయవలసింది ఏమీ లేదు. పసుపు బియ్యం వేల గింజలు తలా ఒక దిక్కుకు ఎగురుతుంటే, మీద పూలు, వెనకాల పిల్లల గెంతులు, ఎదురుగా ఫోటోగ్రాఫరు ఫ్లాషు! ప్రతి బొమ్మలోనూ అంతా మారిపోతుంది. రాసేది కొండంత అవుతుంది, విప్పేదీ అంతే. పెళ్లిలో అందరూ చూడాలనుకునే ఘట్టమే కంప్యూటరుకు గండమన్నమాట.

ఇక నేరస్థుడెవరో చెప్పాలి. నేనే.

కాసెట్టులోని బొమ్మ కంప్యూటరులోకి వచ్చినప్పుడు 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. ఈ రోజుల్లో అందరూ 1920, 1080 అంటున్నారు గదా అని నేను దాన్ని అంతకు సాగదీశాను. గుణించి చూడండి, సరిగ్గా ఐదింతలు. కాసెట్టులో లేని అందం ఇందువల్ల రవ్వంత కూడా రాదు. కంప్యూటరు మొయ్యవలసిన బరువు మాత్రం ఐదింతలు. పైగా కాసెట్టు బొమ్మ నాలుగుకు మూడు కొలతది, కొత్త తెర పదహారుకు తొమ్మిది. తెర నిండా పరిచేసరికి పెళ్లివారందరి మొహాలూ అడ్డంగా పెరిగి, భోజనాలు అప్పుడే అయిపోయినట్టు కనిపించాయి.

అది చాలదన్నట్టు, అన్నిటికన్నా మంచిదని హెచ్.265 పద్ధతిలో, అందులోనూ పది బిట్ల రకంలో కుదించాను. మంచిదే, కాదనను. తక్కువ చోటులో ఎక్కువ ఇముడుతుంది. కాని ఆ పద్ధతి ప్రమాణంగా వెలువడింది 2013లో. బావగారు కంప్యూటరు కొన్నది 2012లో. తాను వచ్చిన మరుసటేడు పుట్టిన భాషను అది ఎలా చదువుతుంది? 2003 నాటి హెచ్.264 భాషను విప్పడానికి దానిలో ప్రత్యేకంగా ఒక భాగముంది. తక్కిన కంప్యూటరు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. కొత్త భాష వస్తే ఆ భాగం నాకు తెలియదంటుంది. అప్పుడు మొత్తం భారం నడుము వంగిన ప్రాసెసరు మీదే పడుతుంది. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో హెచ్.265 విప్పే భాగం 2015లో ఆరో తరంతో వచ్చింది. పది బిట్ల దానిని పూర్తిగా విప్పేది ఆ తరవాతి ఏడో తరంతో. నా ఇంట్లో ఉన్నది అంతకన్నా కొత్తది గనక నాకు అన్నీ సాఫీగా కనిపించాయి. వంట చేసినవాడు తన నాలుక మీదే రుచి చూసుకుని, తినేవాళ్లకు పళ్లున్నాయో లేవో అడగకపోతే ఇలాగే అవుతుంది.

ఆ రాత్రి నా కంప్యూటరులో మొదటి కాసెట్టు అసలు ఫైలును మళ్లీ కుదించాను. హెచ్.264, ఎనిమిది బిట్లు, 720కి 576, నాలుగుకు మూడు. పొద్దున్న అక్కయ్య కాఫీ తెచ్చేసరికి తలంబ్రాలు నడుస్తున్నాయి. టాస్క్ మేనేజరులో గీత 15 శాతం దగ్గర బుద్ధిగా పడుకుని ఉంది. ఒక్క బొమ్మా పారేయలేదు.

"బాగుందిరా. కాని ఏదో అదురుతోంది" అంది అక్కయ్య.

నాకు చిరాకు వేసిన మాట దాచను. కాని కెమేరా పందిరి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగినప్పుడు చూస్తే, నిజమే, గతుకుల రోడ్డు మీద రిక్షాలో వెళుతున్నట్టుంది. ఇది వేరే జబ్బు. మొదటిది కంప్యూటరుది, ఇది ఫైలుది. రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం కాదు. కంప్యూటరు అందుకోలేక తడబడితే తడబాటు ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. ఇంకో గట్టి కంప్యూటరులో అసలే ఉండదు. ఫైలులోనే ఉన్న అదురు ఎక్కడ ఆడించినా, ఎన్నిసార్లు ఆడించినా అదే చోట అదే తీరున ఉంటుంది. నా కంప్యూటరులోనూ అంతే అదిరింది. నేను అప్పటిదాకా గమనించలేదు, అంతే.

వీఎల్‌సీలో బొమ్మను ఆపి, ఇంగ్లీషు 'ఈ' అక్షరం మీట నొక్కితే ఒక్కొక్క బొమ్మే ముందుకు జరుగుతుంది. అలా నొక్కుతూ పందిరి స్తంభాలు చూశాను. జరిగింది, జరిగింది, జరిగింది, జరిగింది, ఆగింది. ప్రతి ఐదు బొమ్మలకూ ఆరోది ముందుదాని నకలే. ఎన్‌కోడు చేసే ప్రోగ్రాములో ఫ్రేము రేటు అనే గడిలో ఎప్పుడో 30 పెట్టి మరిచిపోయాను. ఉన్నవి 25, కావలసినవి 30. తక్కువైన ఐదింటినీ అది కొత్తగా ఎక్కడినుంచి తెస్తుంది? ఉన్నవాటినే రెండుసార్లు వడ్డిస్తుంది. సెకనుకు ఐదు గతుకులు. ఆ గడిలో అసలు ఫైలుకు ఎంత ఉంటే అంతే ఉంచమంటే ఈ గొడవే లేదు. ఫోనుల్లో తీసిన వీడియోలకు ఇంకో చిక్కుంది, వాటిలో సెకనుకు ఎన్ని బొమ్మలన్నది మధ్యమధ్య మారుతూ ఉంటుంది. దాని కథ ఇంకోసారి.

ఇక మూడోది. కాసెట్టు బొమ్మ నిజానికి ఒకేసారి తీసింది కాదు. సెకనులో యాభయ్యో వంతులో బేసి గీతలు, మరో యాభయ్యో వంతులో సరి గీతలు, చెరి 288, తీసి దువ్వెన పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూర్చినవి. ఆ రెండింటినీ కలిపి ఒకే బొమ్మ చేస్తే సెకనుకు 25. దేనికది విడదీసి పూర్తి బొమ్మలుగా చేస్తే 50. కదలిక పాత టీవీలో చూసినంత మెత్తగా ఉంటుంది. పాత కంప్యూటరుకు ఈ చిన్న కొలతలో 50 బరువు కాదు గనక అలాగే చేయబోయాను. చేసేసరికి బావగారి చెయ్యి రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వెయ్యసాగింది! పై గీతలు ముందా, కింది గీతలు ముందా అన్నది తారుమారైంది. అది సరిచేశాను. అప్పుడు చూడాలి. దోసిలి లేచింది. బియ్యం జారింది. ఒక్కొక్క గింజా అక్కయ్య జడ మీదా, భుజం మీదా పడి కింద పళ్లెంలోకి దొర్లింది. అక్కయ్య ఏమీ మాట్లాడలేదు. నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

రెండో కాసెట్టు సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కాని అందులో అప్పగింతలున్నాయి, మా నాన్నగారున్నారు. దాని అసలు ఫైలు నూరు గిగాబైట్లకు పైగా ఉంటే, చోటు దండగని, సాగదీసి కుదించిన ఫైలు మొదటి రెండు నిమిషాలూ చూసి బాగుందనుకుని, చెరిపేశాను. కాసెట్టు పెట్టి మళ్లీ ఎక్కిద్దామంటే టేపు అంచున బూజు తెల్లగా పేరుకుంది. అలాంటిదాన్ని వీసీఆరులో పెడితే బూజు వీసీఆరుకూ అంటుకుంటుంది. టేపు తెగినా తెగవచ్చు. శుభ్రం చేసేవాళ్లకు ఇచ్చాను, ఇంకా కబురు రాలేదు.

ఉన్న ఫైలుతో కుదిరినంత చేశాను. ప్రతి ఆరింటిలో ఒకటిగా ఉన్న నకళ్లను ఏరి తీసేయడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో డెసిమేట్ అని ఒక సాధనముంది. ఆరుకొకటి చొప్పున తియ్యమంటే తీసింది. 30 మళ్లీ 25 అయ్యాయి, గతుకులు పోయాయి. మొహాలనూ నాలుగుకు మూడుకు దించాను. కాని యాభై క్షణాలను ఇరవై అయిదుగా కలిపినప్పుడు పోయినవి మాత్రం ఏ సాధనానికీ దొరకవు. నాన్నగారు అక్కయ్య చేతిని పాలలో ముంచి వియ్యపురాలి చేతిలో పెడుతుంటే, తెలిసినవాడికి ఆ కదలిక కాస్త బిర్రుగా కనిపిస్తుంది.

"నాకేం కనిపించలేదురా" అంది అక్కయ్య. నన్ను ఓదార్చడానికే అన్నదో, నిజంగానే కనిపించలేదో నేను అడగలేదు. ఇప్పుడు మొదటి కాసెట్టు అసలు ఫైలు రెండు డిస్కుల మీద ఉంది, ఒకటి ఆవిడ దగ్గర, ఒకటి నా దగ్గర.

తిరుగు ప్రయాణానికి సంచీ సర్దుకుంటూ, పాత ఫైళ్లు చెరిపేస్తానని కంప్యూటరు ముందు కూర్చున్నాను.

"ఆగరా" అంది అక్కయ్య. "ఆ సాగదీసిన దాంట్లో మీ బావగారు కాస్త ఒళ్లు చేసినట్టుంటారు. అదీ ఉండనీ."