తేదీ లేని సలహా

పుష్యమాసం వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో పూత కనిపిస్తుంది. పూతతోబాటే తేనెమంచు పురుగూ వస్తుంది. గోధుమగింజంత కూడా ఉండదు గాని, గుంపులు గుంపులుగా చేరి పూతకాడల్లో రసం పీల్చేస్తుంది. అది విసర్జించే తీపి జిగురు ఆకుల మీద పడుతుంది. ఆ జిగురు మీద నల్లటి బూజు పెరుగుతుంది. ఇక ఆకుకు ఎండ సరిగా అందదు, పూత మాడి రాలిపోతుంది. మామిడి కాపు ఏడాదికి ఒక్కసారే కదా! పూత మీద ఉన్న ఆ కొద్దిరోజుల్లో రైతు ఎవరి మాట నమ్మాడన్నదాని మీదే ఆ ఇంటి ఏడాది సంపాదన ఆధారపడి ఉంటుంది.

మా ఇంట్లో అటక మీద పండ్లతోటల పెంపకం గురించిన పాత పుస్తకం ఒకటి ఉంది. ఈ పురుగుకు కార్బరిల్ అనే మందు నీళ్ళలో కలిపి చల్లమని అందులో రాసి ఉంది. రాసినాయన తప్పు రాశాడని అనుకోకండి. ఆనాటి శాస్త్రజ్ఞులు చెప్పిన మాటే ఆయన రాశాడు. కాని ఆ తరువాత ఏం జరిగింది? 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమంది ప్రాణాలు తీసిన విషవాయువు, ఈ కార్బరిల్ తయారీకోసం ఫ్యాక్టరీలో నిలవ ఉంచిందే. కార్బరిల్ తేనెటీగలకు కూడా విషమే. చివరకు 2018లో మన ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఈ సంగతి అటక మీది పుస్తకానికి ఎలా తెలుస్తుంది? అది ఇప్పటికీ అదే మందు చల్లమంటోంది.

“అయితే పుస్తకాల పని అయిపోయింది, ఇక బ్లాగులే చదవాలి” అని మీలో ఎవరైనా అనవచ్చు. కాస్త ఆగండి.

‘వెబ్‌లాగ్’ అన్న మాట 1997లో పుట్టి, 1999లో ‘బ్లాగు’గా చిక్కిపోయింది. కంప్యూటర్లన్నీ ఒకే విధంగా గుర్తించేటట్టు తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే అంకెలు కేటాయించారు. ఆ ఏర్పాటు ఇంటింటి కంప్యూటర్లకూ చేరాక తెలుగులో కూడా బ్లాగులు మొదలయ్యాయి. వాటిలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ప్రచురణకర్త ఇంటిచుట్టూ తిరిగే తీరిక లేని మామిడి రైతు కూడా తన చెట్టు ఆకు ఫోటో తీసి, తాను చూసింది రాసి, నలుగురికీ చూపించగలడు. తప్పు దొర్లితే సాయంత్రానికల్లా దిద్దుకోగలడు. పుస్తకానికి ఈ వీలు ఎక్కడిది?

చిక్కు కూడా అక్కడే ఉంది. దిద్దిన చోట మచ్చ మిగలదు. నిన్న అక్కడ ఏం రాసి ఉందో, దాన్ని చదివి మందు కొన్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పైగా మా పాత పుస్తకంలోని ఆ పేజీనే ఎవరో టైపు చేసి బ్లాగులో పెట్టారనుకోండి. అది ఇవాళ రాసినంత కొత్తగా కనిపిస్తుంది. పుస్తకం కాగితమైనా పసుపుపచ్చగా మారి “నేను ముసలిదాన్ని” అని చెబుతుంది, మొదటి పేజీల్లో అచ్చయిన సంవత్సరం ఉంటుంది. తెర ఎప్పటికీ పాతబడదు!

ఏ ఊరి మాట అన్నది కూడా చూడాలి. లక్నో దగ్గర మలీహాబాద్‌లో దశేరి మామిడి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూస్తుంది. అక్కడి రైతు తన బ్లాగులో “పూత మందు ఫిబ్రవరిలో చల్లాను” అని నిజమే రాస్తాడు. మన బంగినపల్లి రైతు దాన్ని నమ్మి ఫిబ్రవరి దాకా కూర్చుంటే, అప్పటికి పురుగు చేసే పని చేసి పోతుంది.

1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రంలోగాని, పత్రికల్లోగాని, ఒకరు రాసినదాన్ని మరొకరు చదివాకే బయటికి వదిలే పద్ధతి ఉంది. ఆ రెండో మనిషి కూడా పొరబడవచ్చు, కాదనను. అయినా ఒంటరిగా రాసుకునేవాడికి ఆపాటి తోడు కూడా లేదు.

కనుక కాగితమా, తెరా అన్న తగవు నాకు పెద్దదిగా తోచదు. ఎవరు రాశారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో? ఈ మూడూ లేని సలహాను నేను తోటలోకి రానివ్వను. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి పేజీకీ ‘చరిత్ర’ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే ఏ మాట ఎప్పుడు మారిందో కనిపిస్తుంది. బ్లాగులన్నిటికీ అలాంటిది ఉంటే ఎంత బాగుండేది!

మొన్న అటక దులిపినప్పుడు ఆ పాత పుస్తకాన్ని పారేయమన్నారు ఇంట్లోవాళ్ళు. నేను పారేయలేదు. కార్బరిల్ ఉన్న పేజీలో “2018 నుంచి నిషిద్ధం” అని చీటీ అంటించి, కింద నా పేరూ ఊరూ తేదీ వేశాను. మీ బడి లైబ్రరీలో కూడా ఇలాంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. మేష్టారి అనుమతి అడిగి, ఒక్కసారి వెతికి చూడండి.