సాహితీ వీథి: కాటి పద్యాలకు తరగని ఆదరణ

కాటి పద్యాలను ఇంట పాడరాదని పెద్దలు వారించడం తెలుగు కుటుంబాలలో కొత్త కాదు. అయినను, ఊరిలో హరిశ్చంద్ర నాటకం ఉన్నదనగానే ఆ పెద్దలే చాప చంకన పెట్టుకొని బయలుదేరి, కాటి సీను వచ్చే వరకు కునుకు తీయక కూర్చుంటారు. పద్యం ముగియగానే ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేదీ వారే. అమంగళమని భావించిన దానినే మళ్ళీ మళ్ళీ వినవలెనని మనసు ఎందుకు కోరుతున్నది? ఈ పర్యాయం మా శీర్షికలో ఈ ప్రశ్నను పరిశీలింపదలచినాము.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో హరిశ్చంద్ర మహారాజు వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. కన్నకొడుకు శవాన్ని తెచ్చిన భార్యను సైతం కాటి సుంకం అడుగవలసి వస్తుంది. ఈ ఘట్టంలో గుర్రం జాషువా (1895–1971) గారి ‘శ్మశానవాటి’ పద్యాలను చేర్చి పాడడం నటులకు ఆనవాయితీ అయినది. డి.వి. సుబ్బారావు గారి వంటి నటుల గళాన విని, అక్షరజ్ఞానం లేని శ్రోతలు కూడ వాటిని కంఠస్థం చేసుకొన్నారు.

శోకరసం పట్ల ఈ మక్కువ మనకు మాత్రమే పరిమితం కాదు. భవభూతి తన ‘ఉత్తరరామచరితం’లో కరుణమొక్కటే రసమనీ, తక్కినవి దాని రూపాంతరాలనీ ఒక పాత్రచే పలికించినాడు. గ్రామ శ్మశానంపై ఆంగ్లకవి థామస్ గ్రే రచించిన విలాపగీతి 1751లో వెలువడి నేటికీ పాఠకులను ఆకర్షిస్తున్నది.

దీనికి మా వృత్తిలో ఒక పోలిక కలదు. వెల్డింగు చేసిన మందపాటి ఉక్కు పాత్రలో, పైకి ఏ లోపం కనబడకున్నా, లోపల ఒత్తిడి నిలిచిపోతుంది. దానిని అలాగే వదిలివేస్తే ఒకనాడు పగులు తీయవచ్చును. అందుచేత పాత్రను కొలిమిలో నిర్ణీత ఉష్ణోగ్రత వరకు వేడి చేసి, కొంతసేపు నిలిపి, మెల్లగా చల్లారుస్తాము. విషాద పద్యం చేసే పని కూడ ఇటువంటిదే. ఛందస్సు అనే హద్దులలో దుఃఖాన్ని వేడెక్కించి, దీర్ఘమైన రాగాలాపనతో నెమ్మదిగా చల్లారుస్తుంది. ‘ఏడవకు’ అని తొందరపెట్టే ఓదార్పు చేయలేనిది ఇదే.

మేము నివసించే సూరత్ నగరం శ్మశానవైరాగ్యానికి చక్కని పాఠశాల. 1669లో మరణించిన ఆంగ్లేయాధికారి జార్జ్ ఆక్సెండెన్ సమాధి ఇక్కడ గోపుర సదృశంగా నిలిచి ఉన్నది. దానిని మించవలెననే 1691లో మరణించిన వాన్ రీడ్‌కు డచ్చివారు మరింత ఆడంబరంగా సమాధి కట్టించినారని చెబుతారు. మరణానంతరం కూడ పోటీయే! 2021 ఏప్రిల్‌లో కరోనా విజృంభించినప్పుడు ఈ నగర శ్మశానాలలో గ్యాసు కొలుములు రాత్రింబవళ్ళు మండి, వాటి ఇనుప భాగాలు కరిగినట్లు వార్తలు వచ్చినవి. ఆనాడు వరుసలో ధనికుడెవరో, దరిద్రుడెవరో అగ్ని అడుగలేదు.

జాషువా గారి పద్యాలకు గల అసలు బలం ఇక్కడనే ఉన్నది. అంటరానితనపు అవమానాలను స్వయంగా అనుభవించిన కవి ఆయన. రాజు, కవి, నవవధువు ఒకే బూడిదలో కలిసే ఆ చోట అస్పృశ్యతకు తావు లేదని ఆయన చెప్పినారు. ఇది మృత్యువును స్తుతించడం కాదు. బ్రతికి ఉండగా తోటి మనిషికి ఇవ్వని సమత్వాన్ని చితి మాత్రమే ఇస్తున్నదని సంఘంపై మోపిన అభియోగం. 1941 నాటి ‘గబ్బిలం’ కావ్యంలోనూ ఈ వేదనయే వినబడుతుంది. ఊరట కొరకు మాత్రమే ఈ పద్యాలను వినేవారు సగమే విన్నట్లు.

లింబాయత్, ఉధ్నా ప్రాంతాల మరమగ్గాలను నమ్ముకొని వేలాది తెలుగు కుటుంబాలు ఈ నగరంలో స్థిరపడినవి. పిల్లలలో అనేకులు గుజరాతీ, హిందీ, ఆంగ్ల మాధ్యమాలలో చదువుతున్నారు. వారికి తెలుగు లిపి రాకపోయినా చెవి ఉన్నది. కావున పాఠక మిత్రులు ఒక సాయంకాలం ఒక్క పద్యమైనా పిల్లలకు వినిపించి, అర్థం చెప్పవలెనని మా మనవి. కాటిలో లేని అంతరం క్యాంటీను బల్ల వద్ద ఎందుకున్నదని వారు అడిగితే మాత్రం, పెద్దలమైన మనమే సమాధానం సిద్ధం చేసుకొనవలెను.