చెయ్యికి వేస్తే కారెక్కిండు

పోయిన నెల మన గోడపత్రికలో చెట్ల గురించి, అంతకు ముందు నెల పరిశుభ్రత గురించి వ్యాసాలు వచ్చాయి. ఈసారి నేను రాజకీయాల గురించి రాస్తానంటే ఎడిటర్ అక్క భయపడింది. మేడం గారు మాత్రం "ఏ పార్టీనీ పొగడకు, ఏ పార్టీనీ తిట్టకు, రాయి" అన్నారు. పొగడను. తిట్టకుండా ఉండడమే కష్టం. ఎందుకంటే ఇందులో అన్ని పార్టీలూ వస్తాయి.

మా అమ్మా నాన్నా ఇక్కడే అల్మాస్‌గూడలో కట్టే బిల్డింగుల దగ్గర పని చేస్తారు. రేకుల షెడ్డులో ఉంటారు. మా సొంత ఊరు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఒక గోండు గూడెం. ఓట్లు అక్కడే ఉన్నాయి. 2025 డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. (పాత సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి 1 నాడే అయిపోయింది. దాదాపు రెండేళ్ళు సర్పంచ్ లేకుండానే గడిచింది.) ఓటు వేయడానికి నాన్న పోయిండు. అమ్మ పోలేదు.

రెండో శనివారం నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఎందుకు పోలేదని అడిగాను. అమ్మ అన్నది: "మూడు రోజుల కూలి పోతది. రైలు చార్జీ పోతది. ఇంత చేసి మనం ఒక ఇంట్ల వాళ్ళకు వేస్తం. వాళ్ళు పోయి ఇంకో ఇంట్ల అన్నం తింటరు." అమ్మ ఇది గోండిలో అన్నది. తెలుగులో రాస్తే సగం కారం పోయింది.

సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు కదా అని నేను సోషల్ పాఠం చెప్పబోయాను. "గుర్తు లేకుంటే ఏంది, మెడల కండువా ఉంటది గదా" అన్నది. ఇక నేనేం మాట్లాడలేదు.

అమ్మ కోపం ఈ సర్పంచ్ ఎన్నికలది కాదు. అది 2018 నాటిది. అప్పుడు మేము గూడెంలోనే ఉన్నాం. నేను ఒకటో తరగతి. 2018 డిసెంబరు 7న అసెంబ్లీకి ఓట్లు పడ్డాయి. అమ్మకు చదువు రాదు, బొమ్మ చూసి వేస్తుంది. చెయ్యి గుర్తుకు వేసింది. (ఓటు రహస్యం అని నాకు తెలుసు. అమ్మే అందరికీ చెప్పుకుంటుంది కాబట్టి రాస్తున్నాను.) మా ఆసిఫాబాద్ నియోజకవర్గంలో కాంగ్రెస్ నుంచి నిలబడ్డ ఆత్రం సక్కు గారు టి.ఆర్.ఎస్. నుంచి నిలబడ్డ కోవ లక్ష్మి గారి మీద గెలిచారు. ఎన్ని ఓట్లతో గెలిచారో తెలుసా? 171. మన హాస్టల్‌లో ఒక పూట అన్నానికి లైన్లో నిలబడేంత మంది కూడా కాదు.

గెలిచిన మూడు నెలలకు, 2019 మార్చిలో, ఆయన టి.ఆర్.ఎస్.లోకి పోతున్నట్టు చెప్పారు. చెయ్యికి వేస్తే కారెక్కిండు అని మా గూడెంలో ఇప్పటికీ అంటారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా మేనమామ కారు వైపు, మా నాన్న చెయ్యి వైపు. ఎన్నికల రోజు బూతు దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. 2019 దీపావళికి మా గూడేనికి దండారి వచ్చింది. గుస్సాడీలు ఆడారు, మేము పిల్లలం వెంట తిరిగాం. అప్పటికి ఎమ్మెల్యే గారు కారులోకి వెళ్ళి నెలలు గడిచాయి. అంటే మా నాన్న ఓటు వేసినాయనా, మా మామ ఓటు వేసిన పార్టీ ఒక్కటైపోయారు. మా మామ మాత్రం ఆ పండుగకు మా ఇంటికి రాలేదు. అమ్మ అన్న కోసం చేసిన గారెలు అట్లనే మిగిలిపోయినయి. పైన వాళ్ళు కలిసిపోవడానికి మూడు నెలలు పట్టింది, మా వాళ్ళకు రెండేళ్ళు పట్టింది.

ఇది మా ఊరి సంగతే అనుకోకండి. మన స్కూలు ఉన్న ఈ అల్మాస్‌గూడ మహేశ్వరం నియోజకవర్గంలోకి వస్తుంది. 2018లో ఇక్కడ సబితా ఇంద్రారెడ్డి గారు చెయ్యి గుర్తు మీద గెలిచారు. 2019 మార్చిలోనే ఆమె కూడా కారు వైపు పోయారు, సెప్టెంబరులో విద్యాశాఖ మంత్రి అయ్యారు. అడవిలో మా అమ్మ, ఇక్కడ మన వెనక గల్లీలో ఉండే ఆంటీలు, ఒకరికొకరు తెలియదు. ఇద్దరికీ ఒకే సంవత్సరం ఒకే పని జరిగింది. 2023లో సబిత గారు కారు గుర్తు మీదనే నిలబడి మళ్ళీ గెలిచారు. అది వేరు. అప్పుడు జనం తెలిసే వేశారు. అడిగి తీసుకున్నదానికి, అడగకుండా తీసుకుపోయినదానికి తేడా ఉంది కదా.

2024 మే నెలలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. మహేశ్వరం చేవెళ్ళ లోక్‌సభ కిందికి వస్తుంది. బి.జె.పి. నుంచి కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారు: 2014లో టి.ఆర్.ఎస్. ఎంపీ, తరువాత కాంగ్రెస్, తరువాత బి.జె.పి. కాంగ్రెస్ నుంచి రంజిత్ రెడ్డి గారు: ఆయన 2019లో టి.ఆర్.ఎస్. ఎంపీ. బి.ఆర్.ఎస్. (టి.ఆర్.ఎస్. కొత్త పేరు ఇదే) నుంచి కాసాని జ్ఞానేశ్వర్ గారు: ఆయన 2023 దాకా తెలంగాణలో తెలుగుదేశం అధ్యక్షుడు. ముగ్గురికి ముగ్గురూ వేరే ఇంటి నుంచి వచ్చినవాళ్ళే! మా ఆదిలాబాద్‌లో గెలిచిన గోడం నగేష్ గారు తెలుగుదేశం నుంచి టి.ఆర్.ఎస్.కు, అక్కడి నుంచి బి.జె.పి.కి వచ్చారు. బి.ఆర్.ఎస్. నుంచి మా సక్కు గారే. కాంగ్రెస్ నుంచి ఆత్రం సుగుణ గారు, టీచర్ ఉద్యోగం వదిలి వచ్చి నిలబడి ఓడిపోయారు. పార్టీ మారాల్సిన పని ఆమెకు ఇంకా పడలేదు.

దీనికి చట్టం లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. ఆయారాం గయారాం అనే మాట అప్పుడే పుట్టింది. ఇట్లాంటివి ఆపాలని 1985లో రాజ్యాంగానికి 52వ సవరణ చేసి పదవ షెడ్యూలు చేర్చారు. పార్టీ మారితే పదవి పోతుంది. కాని మూడింట రెండు వంతుల మంది కలిసి వేరే పార్టీలో విలీనం అయితే పోదు. మన లెక్కల మేడం చెప్పిన భిన్నాలు ఇక్కడ పనికి వస్తాయి చూడండి. 2018లో కాంగ్రెస్‌కు 19 మంది గెలిచారు. ఒకరు ఎంపీ అయి రాజీనామా చేస్తే 18. అందులో మూడింట రెండు వంతులు 12. సరిగ్గా 12 మంది అయ్యాక, 2019 జూన్ 6న విలీనం అయిందని స్పీకర్ ప్రకటించారు. ఒక్కడు పోతే తప్పు, పన్నెండు మంది పోతే తప్పు కాదు. ఈ లెక్క నాకు అర్థమైంది కాని ఎక్కలేదు.

అప్పుడు కాంగ్రెస్ వాళ్ళు ఇది అన్యాయం అన్నారు. 2023 డిసెంబరులో కాంగ్రెస్ గెలిచింది. ఆ తరువాత బి.ఆర్.ఎస్. నుంచి గెలిచిన పది మంది అటు పోయారని బి.ఆర్.ఎస్. వాళ్ళు సుప్రీంకోర్టుకు పోయారు. మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు కోర్టు 2025 జూలై 31న చెప్పింది. ఇన్ని రోజుల్లో తేల్చాలని చట్టంలో లేదు కాబట్టి కోర్టు చెప్పాల్సి వచ్చింది. మన హోంవర్కుకు తేదీ ఉంటుంది, దీనికి లేదు.

ఇప్పుడు మా నాన్న మాట కూడా రాయాలి. లేకపోతే ఆయన గోడ దగ్గర నిలబడి చదివించుకుని నన్ను అడుగుతాడు. నాన్న అంటాడు: "సక్కు గారు పోడు భూముల కోసమే పోతున్న అన్నరు. పట్టాలు రాలేదా మరి?" వచ్చాయి. 2023 జూన్ 30న అప్పటి ముఖ్యమంత్రి కె.సి.ఆర్. గారు ఆసిఫాబాద్‌కే వచ్చి పంచడం మొదలుపెట్టారు. మా పెద్దనాన్నకు వచ్చింది. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి దూలానికి కట్టిండు. ఎవరైనా చుట్టాలు వస్తే విప్పి చూపిస్తాడు. నేను కూడా చూశాను, సంతోషం అయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

కాని నాన్నా, అటవీ హక్కుల చట్టం 2006 నాటిది. అడవిలో దున్నుకుంటున్నవాళ్ళకు హక్కు ఇవ్వాలని అందులోనే ఉంది. మా ఎమ్మెల్యే ఏ పార్టీలో ఉన్నాడో చూసి ఇవ్వమని అందులో లేదు. అధికార పార్టీలోకి పోతేనే పని అవుతుంది అంటే అర్థం ఏమిటి? ఓడిపోయిన పార్టీకి వేసిన ఊరికి రోడ్డు రాదు, పట్టా రాదు అని. "నియోజకవర్గం అభివృద్ధి కోసం పోతున్నా" అని ప్రతి ఒక్కరూ అంటారు. నాకు పార్టీ మారడం కన్నా ఈ మాటే ఎక్కువ భయం వేస్తుంది. అట్లయితే ఎవరు గెలుస్తారో ముందు తెలుసుకుని వాళ్ళకే వేయాలి. అది ఓటు ఎట్లా అవుతుంది?

పోవాలనుకున్నవాళ్ళు రాజీనామా చేసి, మళ్ళీ నిలబడి, మళ్ళీ అడిగి పోవాలని నా అభిప్రాయం. ఇది కుదరని పని కాదు. ఈటల రాజేందర్ గారు 2021లో రాజీనామా చేసి హుజూరాబాద్‌లో బి.జె.పి. నుంచి గెలిచారు. కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి గారు 2022లో అట్లనే చేసి మునుగోడులో ఓడిపోయారు. ఒకచోట జనం సరే అన్నారు, ఒకచోట వద్దన్నారు. ఆ ఉప ఎన్నికల్లో డబ్బులు బాగా పంచారని పేపర్లలో వచ్చింది, ఖర్చు దండగ అని ఒక మేడం గారు నాతో అన్నారు. నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కాని డబ్బులు పంచడం వేరే తప్పు. ఆ తప్పు ఉందని జనాన్ని అడగడమే మానేయాలా?

మా గూడెంలో పటేల్ ఏదైనా మార్చాలంటే అందరినీ కూర్చోబెట్టి చెప్తాడు. (ఆడవాళ్ళు వెనకాల కూర్చుంటారు. దాని గురించి ఇంకో నెల రాస్తాను.) మన తొమ్మిదో తరగతి మెస్ కమిటీ సంగతి గుర్తుందా? సాంబారు గురించి గట్టిగా అడుగుతానని చెప్పి గెలిచిన మన స్నేహితురాలు కమిటీలో పదో తరగతి అక్కలతో కలిసి "సాంబారు బాగానే ఉంది" అన్నది. మనం అలిగాం. ఆమె ఏడుస్తూ క్లాసుకు వచ్చి, పప్పు తక్కువ వచ్చిన సంగతి చెప్పి, మళ్ళీ చేతులు ఎత్తండి అన్నది. మొదటిసారి కన్నా ఎక్కువ చేతులు లేచినయి. నేను మాత్రం ఎత్తలేదు. అయినా ఆమె మీద నాకు కోపం పోయింది.

పోయిన ఆదివారం అమ్మ వచ్చింది. 171 అంటే ఎంతో కాగితం మీద గీతలు గీసి చూపించాను. అమ్మ గీతలను ఇళ్ళుగా లెక్క పెట్టింది. మా గూడెం, వాగు అవతలి గూడెం కలిపితే అన్ని ఓట్లు ఉంటాయంది. "మేమే గెలిపించినమన్నట్టు" అన్నది. కొంచెం సేపు నవ్వింది. తరువాత నవ్వలేదు.

మళ్ళీ అసెంబ్లీ ఎన్నికలు 2028 చివర్లో రావాలి. అప్పటికి నాకు పద్దెనిమిది నిండవు. అమ్మే పోవాలి. పోతావా అంటే జవాబు చెప్పలేదు. కాగజ్‌నగర్ రైలుకు ఇప్పుడు టికెట్ ఎంత అయిందని నన్నే అడిగింది.