నియామక విభాగాధిపతి గారికి బహిరంగ లేఖ

ఆర్యా,

మాదాపూరునందలి మీ సాఫ్ట్‌వేరు సంస్థ సీనియర్ ఇంజనీరు పదవికై వెలువరించిన ప్రకటనలో, ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలను నిర్మించి, లోడు తాళలేక అవి కుప్పకూలినపుడు నిలువబెట్టి, పిన్నలకు పని నేర్పగల అనుభవజ్ఞులు కావలెనని చదివి, నా వృత్తిజీవితములో సింహభాగము అట్టి పనులయందే గడచినది గదా యను ధైర్యముతో దరఖాస్తు పంపితిని.

ఇంటర్వ్యూలో మాత్రము ఆ ప్రకటనలోని మాట యొక్కటియు వినబడలేదు. కెమెరా తెరువని పరీక్షకులొకరు, ఒక సుదీర్ఘ పాఠ్యములో ఒక చిన్న అక్షరవరుస ఎచ్చటెచ్చట వచ్చినదో, చదివిన అక్షరమును మరల చదువకుండ కనుగొను ప్రోగ్రామును నలువది నిమిషములలో వ్రాయుమనిరి. దానిని నడిపి చూచుకొనుటకు అనుమతి లేదు. క్నూత్, మోరిస్, ప్రాట్ అను మువ్వురు పండితులు 1977లో ప్రకటించిన ఆ పద్ధతిని, ముందుగా వల్లెవేయనివాడు ఆ స్వల్పవ్యవధిలో స్వయముగా కనిపెట్టునని మీరును నమ్మరు. కావున అచ్చట పరీక్షింపబడినది ధారణయే కాని ధీశక్తి కాదు.

చెల్లింపు నడుమ నెట్‌వర్కు తెగి, ఖాతాదారుడు ఆతురపడి మరల బటను నొక్కినపుడు, సొమ్ము రెండుమారులు పోకుండునట్లు ప్రతి చెల్లింపునకును ఒక విశిష్టసంఖ్యను ముడివేసి, అది మునుపే వచ్చియున్నచో పాత సమాధానమునే తిరిగి యిచ్చుట యెట్లో, ఆ సంఖ్యను ఎంతకాలము భద్రపరుపవలెనో, సరిగా ఆ క్షణముననే డేటాబేసు పడిపోయినచో గతియేమో అడిగియుండిన, నాకు తెలిసినదెంతో తెలియనిదెంతో పావుగంటలో తేటతెల్లమై యుండెడిది. ఆ ప్రస్తావన నేనే తెచ్చితిని. సమయము లేదనిరి.

నార్త్ కెరొలీనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మైక్రోసాఫ్టు వారితో గూడి 2020లో ప్రకటించిన అధ్యయనములో, పరీక్షకుని యెదుట పైకి చెప్పుచు సమస్యను సాధింపబూనినవారి ఫలితము, ఏకాంతమున సాధించినవారి ఫలితములో సగమైనను లేదు. ఏకాంతమున కూర్చున్న స్త్రీలందరును ఉత్తీర్ణులు కాగా, ఎదుట నిలిచిన స్త్రీలలో ఒక్కరును కాలేదు. పాల్గొన్నవారి సంఖ్య చిన్నదే. అయినను మీ బోటి వారు ఉలికిపడుటకు చాలును. రాత్రివేళ లీట్‌కోడు అను సాధన వెబ్‌సైటులోని లెక్కలు వల్లెవేయుటకు తీరిక గల బ్రహ్మచారులపై నాకు అసూయ లేదు. వారికి తగిన కొలబద్దతో, పసిబిడ్డలను నిద్రపుచ్చి ఆఫీసు పని ముందు వేసుకొని కూర్చుండువారిని కొలుచుటయే అన్యాయము. మీ సంస్థలో నేడు నడచుచున్న కోడునుండి నాలుగు పుటలిచ్చి, ఇందలి లోపములు చెప్పుమని గంటసేపు కూర్చుండబెట్టుడు. నాబోటివారి లోతు మీకును, మీ కోడు లోతు మాకును తెలియును.

తొంబది దినముల నోటీసు పీరియడును కుదించుకొనుమని పదేపదే ఫోను చేసిన మీ రిక్రూటరు, ఆ పిదప ఫోను ఎత్తుటయే మానిరి. తిరస్కారము మాత్రము, ప్రత్యుత్తరము స్వీకరింపని చిరునామానుండి రెండు వాక్యములలో వచ్చినది. నేను పనికిరాకపోవుటకు కారణమును మూడవ వాక్యముగా వ్రాసి పంపుడు. నా చిరునామా దరఖాస్తులోనే కలదు.

ఇట్లు,
మీ అభ్యర్థులలో ఒకడు